శ్రీపాద ఎక్కాలంటే శనివారం వద్దు, గైడూ వద్దు

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. శ్రీలంకలో శ్రీపాద కొండ ఎక్కడానికి గైడ్ కోసం 6,000 శ్రీలంక రూపాయలు ఇచ్చాం. మన డబ్బుల్లో సుమారు 1,750. సీజన్‌లో ఆ కొండకు గైడ్ అవసరమే లేదు. కింద ఊరి నుంచి పైన గుడి దాకా దారి పొడవునా లైట్లు వెలుగుతుంటాయి, టీ కొట్లు ఉంటాయి, జనం ఉంటారు. ఈ ఒక్క మాట మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే రాస్తున్నాను.

వెళ్ళింది నలుగురం. నేను, మా ఆవిడ, పదమూడేళ్ళ మా బాబు, మా బావమరిది. మాది తిరుపతి. రెండు మూడు నెలలకోసారి అలిపిరి నుంచి నడిచి కొండెక్కే అలవాటు అందరికీ ఉంది. సూర్యోదయం అయిన కాసేపటికి శ్రీపాద నీడ అవతలి లోయ మీద గోపురం గీసినట్టు త్రికోణంగా పడుతుందని మా ఆవిడ ఎక్కడో చదివింది. అది చూడాలని రెండేళ్ళుగా అడుగుతోంది. 2,243 మీటర్ల ఎత్తు, 5,500 దాకా మెట్లు అంటే, "అలిపిరి 3,550 మెట్లు అవలీలగా ఎక్కుతున్నాం, ఇదెంత బావా" అన్నాడు బావమరిది.

ప్రయాణం ఇబ్బంది లేకుండా జరిగింది. తిరుపతి నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు కారు 4,200, అక్కణ్ణుంచి కొలంబో గంటన్నర. మర్నాడు పొద్దున రైలెక్కి టీ తోటల మధ్య హట్టన్ చేరాం. అక్కడి నుంచి మస్కెలియా మీదుగా బస్సులో నల్లతన్నియ. కొండ కింద ఊరు అదే.

కష్టాలన్నీ ఆ ఊళ్ళో మేం దిగిన లాడ్జిలో మొదలయ్యాయి. ఆన్‌లైన్‌లో నలుగురికి సరిపోయే గది, రాత్రికి 14,000 శ్రీలంక రూపాయలు, వేడినీళ్ళు, కిటికీలోంచి కొండ కనిపిస్తుంది అని రాసి ఉంది. తీరా వెళ్తే ఆ గది వేరేవాళ్ళకు ఇచ్చేశామన్నారు. మాకు వెనకవైపు గది ఇచ్చారు. కిటికీ తెరిస్తే పక్కింటి సిమెంటు గోడ, దాని మీద నాచు. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. గీజర్ స్విచ్ మీద టేపు అంటించి ఉంది. వేడినీళ్ళు కావాలంటే 1,500 అదనం అన్నాడు ఓనర్. బుకింగ్‌లో ఉంది కదా అని ఫోన్ చూపిస్తే, "అది ఆ గదికి" అన్నాడు. సాయంత్రం ఆరైంది, శనివారం, ఊరంతా నిండిపోయింది. వేరే దారి లేక కట్టాం.

తర్వాత గైడ్ సంగతి ఎత్తాడు. రాత్రిపూట పిల్లాడితో ఒంటరిగా వెళ్ళొద్దు, అడవి, చిరుతలున్నాయి అన్నాడు. చిరుత అనేసరికి మా ఆవిడ ముఖం మారిపోయింది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక పసిపిల్లను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత నడిచి వెళ్ళే భక్తుల చేతికి కర్రలిచ్చి పంపిన రోజులు తిరుపతి వాళ్ళెవరూ మర్చిపోలేదు. మేము తిరుపతి నుంచి వచ్చామని ఆయనకు మేమే చెప్పాం కాబట్టి, ఆ కథ తెలిసే అన్నాడో, అందరితోనూ అదే అంటాడో చెప్పలేను. మా ఆవిడ నా వైపు చూసింది. 6,000 తీసి ఇచ్చేశాను. ఎన్నింటికి బయల్దేరాలి అంటే, "రెండున్నరకు చాలు, సూర్యోదయానికి పైన ఉంటారు" అన్నాడు.

ఆ రెండున్నర మమ్మల్ని ముంచింది. శని, ఆదివారాలు, పౌర్ణమి రోజులు అయితే ముందురోజు రాత్రి పది, పదకొండుకే నడక మొదలుపెట్టాలని దారిలో ప్రతి కొట్టువాళ్ళూ చెప్పారు. మాకు పంపిన గైడ్ కుర్రాడు ఇరవై ఏళ్ళవాడు, నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డాయి. అంతకుముందే ఇంకో గుంపును సగం దారి దాకా దిగబెట్టి వచ్చాడట, అందుకే మాకు రెండున్నర. వాడే చెప్పాడు, పాపం. వాడి మీద నాకు కోపం లేదు. ఆ 6,000లో వాడికి అందింది 1,000.

జపాన్ బౌద్ధులు కట్టిన తెల్లటి శాంతి స్తూపం దాటాక సీతగంగుల అనే వాగు వస్తుంది. యాత్రికులు అక్కడ ఆగి ముఖం, కాళ్ళు కడుక్కుంటారు. పేరు వినగానే మా ఆవిడ నీళ్ళు తలమీద చల్లుకుంది. అవి ఐసు నీళ్ళలా ఉన్నాయి. ఇంకొంత పైన ఇందికటుపాన దగ్గర మొదటిసారి వచ్చినవాళ్ళు సూదీ దారం సమర్పిస్తారు. పొదల మీద తెల్లదారం కట్టలు కట్టలుగా పరుచుకుని, లైట్ల వెలుగులో సాలెగూడులా మెరుస్తుంటుంది. అక్కడే గైడ్ ఆగిపోయాడు. "ఇక దారి ఇదే, తిన్నగా వెళ్ళండి" అని వెనక్కి తిరిగాడు.

మెట్ల గురించి ఒకటి చెప్పాలి. అలిపిరి దారి అలవాటుంది కదా అని ధీమాగా వెళ్ళకండి. అలిపిరిలో నెత్తిన కప్పు ఉంటుంది, సామాను కింద ఇచ్చేస్తే ఉచితంగా పైకి చేరుస్తారు, మధ్యలో చాలాదూరం చదునుగా నడుస్తాం. మన మోకాళ్ళ పర్వతం ఉంది చూడండి, శ్రీపాద రెండో సగం అంతా అదే. మెట్లు ఒక కొలతలో ఉండవు. ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు. ఎక్కుతుంటే చెమట, ఆగితే వణుకు.

నాలుగున్నరకు బాబు పళ్ళు టకటకలాడటం మొదలైంది. పక్కనే రేకుల కొట్టు. లోపల ఒక పెద్దావిడ పెనం మీద రొట్టెలు కాలుస్తోంది. వాణ్ణి చూసి, "ఎన్న తంబి, కుళిరుదా?" అంది, ఏం తమ్ముడూ, చలేస్తోందా అని. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్ళకు తమిళం కొత్త కాదు కదా, ప్రాణం లేచొచ్చింది. వాణ్ణి పొయ్యి పక్కన కూర్చోబెట్టింది. తడిసిన చొక్కా విప్పించి తన శాలువ కప్పింది. వాళ్ళ ముత్తాతలు తెల్లవాళ్ళ కాలంలో టీ తోటల పనికి తమిళనాడు నుంచి వచ్చారట. మాది తిరుపతి అంటే రెండు చేతులూ జోడించింది.

అక్కడ తిన్న తిండి నేను మర్చిపోను. కొబ్బరి కోరు కలిపి చేసిన మందపాటి పోల్ రొట్టి. దాని మీదకు ఉల్లిపాయ, ఎండుమిరప రాతిమీద నూరిన లూణు మిరిస్. మన కారం దోసె మీద పూసే ఎర్రకారానికి సొంత అక్కచెల్లెలు. మామూలుగా అందులో ఎండుచేప పొడి కలుపుతారు కాబట్టి తినని వాళ్ళు ముందే అడగాలి. మాకు విడిగా నూరి ఇచ్చింది. పక్కన అల్లం ప్లెయిన్ టీ, కొరుక్కోవడానికి బెల్లం ముక్క. ఎనిమిది రొట్టెలు, ఆరు టీలు కలిపి 1,800. రెండు వేలిస్తే 200 తిరిగి చేతిలో పెట్టింది.

చివరి ఐదారు వందల మెట్ల దగ్గర జనం ఆగిపోయారు. ఇనుప రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాం. నెలల బిడ్డను ఎత్తుకున్న తల్లి మా ముందు ఉంది. డెబ్బై దాటిన అవ్వలు తెల్లబట్టల్లో చెప్పుల్లేకుండా ఎక్కుతూ దిగేవాళ్ళను "కరుణావై" అని దీవిస్తున్నారు. ఒక్కరూ తోసుకోలేదు. ఆరున్నరకు సూర్యుడు వచ్చాడు, మేం ఇంకా మెట్ల మీదే. నీడ పడేది అవతలివైపు. పైకి చేరేసరికి ఏడూ నలభై. నీడ ఎప్పుడో చెదిరిపోయింది.

మా ఆవిడ ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

చెప్పులు విడిచి పాదాల గుడికి వెళ్ళాం. బౌద్ధులకు అది బుద్ధుడి పాదం, హిందువులకు శివుడిది, ముస్లింలకు, క్రైస్తవులకు ఆదాముది. అలిపిరి పాదాల మండపంలో ఇత్తడి పాదుకలు నెత్తిన పెట్టుకున్నట్టే అక్కడ ఆవిడ తల వంచి చాలాసేపు నిలబడింది. ఎన్నోసారి ఎక్కితే అన్నిసార్లు గంట కొట్టాలి. మేం తలా ఒకసారి కొట్టాం. మా వెనక ముసలాయన పదిహేడుసార్లు కొట్టాడు, బాబు లెక్కపెట్టాడు.

దిగడానికి నాలుగు గంటలు పట్టింది, ఎక్కడం కన్నా అదే కష్టం. కర్ర తప్పకుండా తీసుకెళ్ళండి. పైకి వెళ్ళాక మార్చుకోవడానికి పొడి బనియను, చెవులకు మఫ్లరు పెట్టుకోండి. డిసెంబరు పౌర్ణమి నుంచి మేలో వెసాక్ పౌర్ణమి దాకానే సీజన్. అందులోనూ మంగళ, బుధవారాలు చూసుకుని, రాత్రి పన్నెండున్నరకు బయల్దేరండి. సీజన్ కాకపోతే లైట్లుండవు, కొట్లుండవు. అప్పుడు మాత్రం తోడుగా మనిషి కావాలి.

దిగుతూ మళ్ళీ ఆ కొట్టు దగ్గర ఆగాం. లాడ్జి సంగతి విని ఆవిడ కింద తన చెల్లెలి ఇంటికి ఫోన్ చేసింది. రెండో రాత్రి అక్కడే ఉన్నాం. చిన్న గది, ఉతికి ఎండలో ఆరేసిన దుప్పట్లు. గీజర్ లేదు, కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్ళు నాలుగు బకెట్లు తెచ్చి వరండాలో పెట్టారు. కాళ్ళు అందులో పెట్టుకుని కూర్చున్నాక, పొద్దుటి నుంచి మౌనంగా ఉన్న మా ఆవిడ మొదటిసారి బాబుతో ఆ ముసలాయన పదిహేడుసార్లు గంట కొట్టడం గురించి మాట్లాడింది. గదికి 4,500. నీళ్ళకు ఎంత అని అడిగితే చెల్లెలు అర్థం కానట్టు చూసింది.