ఇంప్లాంట్ చుట్టూ ఎముక కోసం వాడిన పొరలు: పదకొండేళ్ల అనుభవం

గుంటూరు అరండల్‌పేటలో దంతవైద్యం చేస్తున్నాను. ఇంప్లాంట్ (పోయిన పన్ను కోసం దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేరు) చుట్టూ ఎముక చాలని చోట ఎముక పొడి నింపి, పైన పొర కప్పే చికిత్స పదకొండేళ్లుగా చేస్తున్నాను. చిగురు కణాలు ఎముక కణాల కన్నా వేగంగా పాకి ఆ ఖాళీని ఆక్రమిస్తాయి. వాటిని అడ్డుకోవడమే పొర పని.

నేను ఎక్కువగా వాడింది బయో-గైడ్. పంది నుంచి తీసిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పొర ఇది. నున్నని వైపు చిగురుకు, గరుకు వైపు ఎముకకు ఉండాలి. తడిస్తే మెత్తబడి ఎముకను అంటుకుంటుంది, కొన్ని నెలల్లో దానంతటదే కరిగిపోతుంది. నాకు నచ్చింది దాని ఓర్పు. మిర్చి యార్డులో పనిచేసే ఒకాయనకు పదో రోజున కుట్టు విడిపోయి పొర బయటపడింది. క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మందుతో కడుగుతూ ఉంటే మూడు వారాల్లో చిగురు మళ్లీ మూసుకుంది. ఆరు నెలలకు తెరిచి చూస్తే ఇంప్లాంట్ మీది మర చుట్లన్నిటినీ ఎముక కప్పేసింది!

అయితే ఈ పొరకు బిగువు లేదు. బుగ్గ ఒత్తితే కింది పొడి జారిపోతుంది. అందుకే ఎముక ఎత్తు పెంచాల్సిన చోట టైటానియం తీగలున్న దట్టమైన పీటీఎఫ్ఈ (ఒంట్లో కరగని ఒక రకం ప్లాస్టిక్) పొర వాడతాను. ఆకారం చెదరదు. కానీ దాన్ని తీయడానికి మళ్లీ కోయాలి. ఒకరికి అయిదో వారంలో చీము పట్టి ముందే తీసేయాల్సి వచ్చింది. పెరిగిన ఎముకలో సగం పోయింది. ఆ రోజు చిగురును బిగుతుగా లాగి కుట్టడం నా తప్పు. లోపలి వైపు గీరి చిగురును బాగా సాగనిస్తే తప్ప ఏ పొరా నిలవదు.

ఎక్కువ కాలం నిలిచేలా రసాయనాలతో గట్టిపరిచిన ఒక కొల్లాజెన్‌ను రెండేళ్లు వాడి మానేశాను. బయటపడితే పుండు మానడం చాలా ఆలస్యమైంది. రోగి రక్తం నుంచే తీసే పీఆర్ఎఫ్ (ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ఫైబ్రిన్ పొర) చిగురు మానడానికి మంచిదే, కానీ రెండు వారాలైనా నిలవదు. దాన్ని కొల్లాజెన్ మీద పరుస్తానే గాని, దాని బదులు వాడను.

బ్రాడీపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "బాబూ, ఈ పొర దేనితో చేస్తారు?" అని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ వద్దన్నారు. ఎముక పొడి కూడా ఆవు నుంచి తీసినదే కావడంతో అదీ మార్చి, కృత్రిమ కాల్షియం ఫాస్ఫేట్ పొడి, పీటీఎఫ్ఈ పొర వాడాను. ఇంప్లాంట్ తెరిచేటప్పుడే పొర తీసేశాను. అప్పటి నుంచి ఎవరూ అడగకముందే, సంతకం తీసుకునే ముందే ఈ సంగతి చెబుతున్నాను.