పైథాన్‌లో దాక్కున్న తేదీల రెజెక్స్ మెషీన్

మా ఊరి గ్రంథాలయం పాత రిజిస్టర్లు టైప్ చేసిన ఫైల్ ఒకటి నా నెత్తిన పడింది, అందులోంచి తేదీలన్నీ ఏరాలి. మొదట చేత్తోనే రెజెక్స్ (టెక్స్ట్‌లో ఎలాంటి ముక్కని వెతకాలో చెప్పే నమూనా) రాశాను. రోజు దగ్గర ఒంటి అంకెను ముందు, రెండంకెలను వెనక పెట్టాను, రెజెక్స్ ముందు కుదిరినదాన్నే పట్టుకుంటుంది, అంతే, 1952-08-15 కాస్తా 1952-08-1 అయి కూర్చుంది. తప్పెక్కడుందో పట్టుకోవడానికి ఒక పూట పోయింది.

అప్పుడు దొరికింది పైథాన్‌లోనే ఉన్న టైమ్‌ఆర్‌ఈ (TimeRE) అనే క్లాస్. పిప్‌తో ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, మనం తేదీలు చదవడానికి వాడే స్ట్రిప్‌టైమ్ (strptime) ఫంక్షన్ వెనకాల, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే మాడ్యూల్‌లో ఉంటుంది. 2003లో వచ్చిన పైథాన్ 2.3 నుంచీ ఉంది, రాసింది బ్రెట్ కానన్. పర్సెంట్ డీ (రోజు), పర్సెంట్ ఎం (నెల) అంటూ ఫార్మాట్ ఇస్తే చాలు, రెజెక్స్ అల్లి చేతిలో పెడుతుంది. రోజుకి 3[0-1] ముందు, ఆ తర్వాత ఇరవైలూ పదులూ, ఒంటి అంకె చివర్లో. నేను బోర్లా పడ్డ చోటే అది జాగ్రత్తగా ఉంది. నెల 8 అని ఉన్నా 08 అని ఉన్నా పట్టుకుంటుంది, రోజు, నెల, సంవత్సరం వేటికవి పేరున్న గ్రూపులుగా, అంటే విడివిడి ముక్కలుగా వస్తాయి.

ఇక చిరాకులు. అటూ ఇటూ కాపలా ఉండదు, "నం. 4215/08/1952" అని ఉంటే అందులోంచి 15/08/1952 లాగేస్తుంది. ముందూ వెనకా అంకె ఉండకూడదని మనమే చేర్చుకోవాలి. స్లాష్ ఫార్మాటూ, డాష్ ఫార్మాటూ కలిపి ఒకే రెజెక్స్ చేద్దామంటే గ్రూప్ పేరు రెండుసార్లు వచ్చిందని ఎర్రర్ కొడుతుంది, విడివిడిగా నడపాల్సిందే.

మన అంకెల సంగతి మాత్రం భలే తమాషా. నా దగ్గరున్న పైథాన్ 3.11లో 15/08/౧౯౫౨ చక్కగా దొరికింది, ౧౫/08/1952 దొరకలేదు! సంవత్సరానికి వాడిన బ్యాక్‌స్లాష్ డీ (రెజెక్స్‌లో 'ఏదో ఒక అంకె' అనే గుర్తు) తెలుగు అంకెల్నీ ఒప్పుకుంటుంది, రోజు దగ్గర మొదటి అంకె మాత్రం ఇంగ్లీషుదే కావాలి. అంకెలన్నీ ముందే మార్చేస్తే గొడవ వదిలింది. నెలల పేర్లు సిస్టమ్ లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) నుంచి తీసుకుంటుంది కాబట్టి తెలుగు లొకేల్ పెడితే తెలుగు పేర్లూ వస్తాయి, కానీ నెలకి ఒక్క స్పెల్లింగే. మా రిజిస్టర్ రాసినాయనేమో ఆగస్టు, ఆగష్టు, ఆగస్ట్ మూడూ వాడేశాడు.

ఇంకో మాట, 15/08/52 అని ఉంటే స్ట్రిప్‌టైమ్ దాన్ని 2052 చేస్తుంది (69 నుంచే 1900లు మొదలు). రెజెక్స్ అయితే 52 అని మాత్రమే ఇస్తుంది, 1900 మనం కలుపుకోవచ్చు. నాకు ఇది వాడటానికి అసలు కారణం ఇదే.

అండర్‌స్కోర్ మాడ్యూల్, అంటే పైథాన్ తన లోపలి వాడకానికి పెట్టుకున్నది కాబట్టి రేపు మారినా అడిగే హక్కు మనకి లేదు, ఆఫీసు ప్రొడక్షన్ కోడ్‌లో నేనైతే పెట్టను. ఇలాంటి ఒకసారి పనికి మాత్రం ఐదుకి నాలుగు ఇస్తాను. కాకపోతే దొరికిన ప్రతి తేదీనీ మళ్ళీ క్యాలెండర్‌తో సరిచూసుకోండి. మా రిజిస్టర్‌లో 30/02/1957 అని నిజంగానే రాసుంది, రెజెక్స్ దాన్ని కళ్ళు మూసుకుని ఒప్పేసుకుంది. ఆ రోజు ఎవరో రెండు పుస్తకాలు కూడా పట్టుకెళ్ళారట.