ఐర్లాండ్‌లో ఇంగ్లండ్ ఎత్తులు: పట్టా ఇవ్వడమా, మనుషుల్నే మార్చేయడమా?

1541లో ఎనిమిదో హెన్రీ ఐర్లాండ్ రాజయ్యాక మొదట పట్టుకున్న దారి మెత్తనిది. గేలిక్ (ఐర్లాండ్ స్థానిక) దొర తన భూమి రాజుకు అప్పగిస్తే, రాజు అదే భూమిని పట్టా రాసి, ఇంగ్లిష్ బిరుదు తగిలించి తిరిగిస్తాడు. 1542లో కాన్ ఓనీల్ ఇలాగే టిరోన్ ఎర్ల్ అయ్యాడు. చిక్కు వారసత్వంలో వచ్చింది: గేలిక్ పద్ధతిలో వంశంలోంచి సమర్థుణ్ణి ఎన్నుకుంటారు, ఇంగ్లిష్ పట్టా మాత్రం ముందే పేరు రాసినవాడికే పోతుంది. ఆ పేరు కాన్ కొడుకు మాథ్యూది. ఇంకో కొడుకు షేన్ ఒప్పుకోలేదు, చివరికి 1558లో షేన్ మనుషులే మాథ్యూని చంపేశారు.

రెండో దారి ప్లాంటేషన్, అంటే స్థానికుల భూమిలో బయటివాళ్లను తెచ్చి పాతుకునేలా చేయడం. 1607లో టిరోన్, టిర్‌కనెల్ ఎర్ల్‌లు ఓడెక్కి వెళ్లిపోయాక, ఐర్లాండ్ ఉత్తర భాగమైన అల్‌స్టర్‌లో ఆరు కౌంటీల భూమి లాక్కుని ఇంగ్లండ్, స్కాట్లాండ్ నుంచి వచ్చినవాళ్లకు పంచారు. డెర్రీని లండన్ వర్తక సంఘాల చేతిలో పెట్టారు, 1613లో ఊరి పేరు ముందు లండన్ వచ్చి చేరింది.

రాజ్యం వేళ్లూనడమే లెక్కైతే రెండోదే గెలిచింది, కాదనను. కానీ నా ఓటు మొదటిదానికే, ఎందుకంటే అందులో ఎంత మోసమున్నా రైతు తన పొలంలోనే ఉన్నాడు. ప్లాంటేషన్‌లో భూమి పోయినవాళ్ల కోపమే 1641లో అల్‌స్టర్‌లో తిరుగుబాటై పేలింది.