పవర్ బీఐ డెస్క్‌టాప్: చిన్న వ్యాపారాలకు ఎంతవరకు పనికొస్తుంది?

ఎక్సెల్ షీట్లలో చెల్లాచెదురుగా ఉన్న అమ్మకాల లెక్కల్ని ఒక్కచోట చూపించడంలో మైక్రోసాఫ్ట్ వారి పవర్ బీఐ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ గట్టిది. ఉచితం, కానీ విండోస్‌లోనే నడుస్తుంది. అసలు బలం అందులోనే ఉండే, లెక్కల్ని తెచ్చి శుభ్రంచేసే పవర్ క్వెరీది. నెలనెలా ఫైళ్లను ఒకే ఫోల్డర్‌లో పెడుతూ, శుభ్రంచేసే మెట్లు ఒక్కసారి అమర్చుకుంటే తర్వాత రిఫ్రెష్ నొక్కితే చాలు.

ఎక్కువ తప్పులు తేదీల దగ్గరే. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే మనం ఏప్రిల్ 5 అని రాసిన 05/04ను మే 4 అనుకుంటుంది. 13వ నెల ఉండదు కాబట్టి, నెలలో 13 నుంచి తేదీలన్నీ ఎర్రరే. కాలమ్ టైప్ మార్చేటప్పుడు ‘యూజింగ్ లొకేల్’లో (ఏ దేశపు పద్ధతో చెప్పే చోట) ఇండియా ఎంచుకోండి. నిరుటి ఇదే నెలతో పోల్చాలంటే ఒక్క రోజూ తప్పిపోని తేదీల టేబుల్ విడిగా ఉండాలి. ఏ సరుకు ఎప్పుడు కదలదో పట్టిచ్చేది ఆ పోలికే.

ఆన్‌లైన్‌లో బృందంతో పంచుకోవాలంటే మామూలుగా డబ్బు కట్టి తీసుకునే ప్రో లైసెన్సు కావాలి. ఇద్దరు ముగ్గురే చూసే దుకాణానికి అది దండగ. ఫైలు పంపుకుంటే సరి.