అమ్మ చేతి పట్టు కొలిచే పరికరం: నాలుగు నెలల వాడకం తర్వాత

మా అమ్మకు 86 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ అని తేలాక, చికిత్సను ఎంతవరకు తట్టుకోగలదో తేల్చడానికి వయసొక్కటే చాలదు, ఒంట్లో బలం కూడా చూడాలని డాక్టరు గారు అన్నారు. అందుకే ఈ డిజిటల్ పరికరం తెప్పించాను.

మొదటి రోజు కుర్చీలో కూర్చోబెట్టి, మోచేయి వంచి, పిడి చేతికిచ్చాను. గాజులు పైకి తోసుకుని, పెదవులు బిగించి నొక్కింది. 11.2 కిలోలు. ఆసియా నిపుణుల బృందం 2019లో పెట్టిన ప్రమాణం ప్రకారం ఆడవారికి 18, మగవారికి 28 కిలోల కంటే తక్కువుంటే కండబలం తగ్గినట్టే. నా గుండె జారిపోయింది. "రోట్లో పచ్చళ్లు నూరిన చెయ్యి రా ఇది" అంది అమ్మ, అరచేతిని తిప్పి చూసుకుంటూ.

లోపాలున్నాయి. పిడిని ఎంత దగ్గరికి జరిపినా ఆమె చేతికి పెద్దదే. అంకె చదివేలోపే మాయమవుతుంది. అమ్మినవాళ్లకు రెండుసార్లు రాశాను, జవాబు లేదు. రోజూ ఒకే వేళకు, ఒకే చేత్తో మూడుసార్లు నొక్కించి, ఎక్కువ వచ్చినది రాస్తాను.

పరికరం కొలుస్తుందే గాని బలం పెంచదు. ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రోజూ గుడ్డు, పప్పు, ఇవే అమ్మను నిలబెడుతున్నాయి. పోయిన వారం 13.1 వచ్చింది. క్యాన్సర్ సంగతి ఈ అంకె చెప్పదు. అయినా డాక్టరు గారు ఆ నోటుపుస్తకం అడిగి మరీ చూస్తున్నారు.

కొనమనే చెబుతాను, పిడి సన్నగా ఉన్నది చూసుకుని.