విశాఖ తేమలో లెవలింగ్ థిన్నర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

సముద్రం పక్కనున్న ఊళ్లో ప్లాస్టిక్ మోడల్స్‌కి ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరంతో) రంగు వేసేవాళ్లకి వానాకాలం అంటేనే టెన్షన్. విశాఖలో ఆ కాలమంతా పని ఆపకుండా చేసుకోగలుగుతున్నానంటే, అందుకు ముఖ్య కారణం జపాన్‌కి చెందిన జీఎస్ఐ క్రియోస్ వారి మిస్టర్ కలర్ లెవలింగ్ థిన్నర్. మొదట్లో 110 మి.లీ. సీసా కొనేవాణ్ణి. ఇప్పుడు 400 మి.లీ.దే తెప్పించుకుంటున్నాను.

ఇది లాకర్ (lacquer) రకం రంగుల్ని పలుచన చేసే థిన్నరే. కాకపోతే రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ ముందే కలిపి ఉంటుంది. ఎయిర్‌బ్రష్ నుంచి వచ్చిన రంగు తుంపర దారిలోనే సగం ఆరిపోతే, ప్లాస్టిక్ మీద పడ్డాక పక్క తుంపరతో కలవదు. బత్తాయి తొక్కలా గరుకు తేలుతుంది. ఈ థిన్నర్ కలిపితే రంగు ఇంకాసేపు తడిగా ఉండి, తనంతట తానే పరుచుకుంటుంది. దాని విలువ నాకు బాగా తెలిసింది టామియా కంపెనీ 1/48 సైజు సీ హారియర్ యుద్ధవిమానం మోడల్ చేసినప్పుడు. బీచ్ రోడ్డు మ్యూజియంలో అసలు విమానాన్ని చూసిన ఎవరికైనా దాన్ని చేయాలనిపిస్తుంది. మన నౌకాదళంలో దానికి మొదట్లో ఉన్న రంగులు పైన ముదురు బూడిద, కింద తెలుపు. ఆ తెలుపుతోనే కష్టం. నిగనిగలాడే తెలుపు మీద ఏ చిన్న లోపమూ దాగదు. టామియా యాక్రిలిక్ రంగుల్లోని ఎక్స్-2 తెలుపు ఒక వంతుకి ఈ థిన్నర్ వంతున్నర కలిపి, 0.3 మి.మీ. నాజిల్‌తో, 15 పీఎస్ఐ లోపు ప్రెషర్‌లో పలుచటి పూతలు వేస్తే సాండ్ పేపర్ ముట్టుకోవాల్సిన పనే రాలేదు.

వానాకాలంలో అసలు శత్రువు బ్లషింగ్, అంటే పూత తెల్లగా మసకబారడం. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడుతుంది. గాలిలోని తేమ అక్కడే నీరుగా మారి పూతలో ఇరుక్కుంటుంది. నిగనిగలాడే పైపూత (gloss coat) పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. అది చూడగానే మొత్తం రంగు తీసేయాలని కంగారు పడక్కర్లేదు. తేమ తక్కువున్న రోజున, లేదా గదిలో ఏసీ కాసేపు నడిచాక, రంగేమీ కలపని లెవలింగ్ థిన్నర్‌ని ఆ మచ్చ మీద మంచులా తేలిగ్గా కొడితే చాలు. పూత కాస్త మెత్తబడి, లోపలి తేమ బయటికి పోయి, మళ్లీ తేటగా ఆరుతుంది. డెకాల్స్ (మోడల్ మీద అతికించే పలుచటి గుర్తులు) ఉన్న చోట మాత్రం దీన్ని తడిసేలా కొట్టకూడదు, అవి ముడుచుకుపోతాయి. ఎయిర్‌బ్రష్‌కి గాలి అందించే కంప్రెసర్‌కి మాయిశ్చర్ ట్రాప్ (గాలిలోని నీటిని పట్టే భాగం) లేకపోతే ముందు అది పెట్టించండి. గొట్టంలోంచి నీటి చుక్కలు వస్తుంటే ఏ థిన్నరూ కాపాడలేదు.

ఇది చేయలేని పనులూ ఉన్నాయి. రంగు పడీపడగానే గుండ్రంగా విడిపోయి, మధ్యలో ప్లాస్టిక్ కనిపిస్తే ఆ తప్పు జిడ్డుది: అచ్చు నుంచి వచ్చిన నూనో, వేళ్ల జిడ్డో. గిన్నెలు తోమే లిక్విడ్‌తో విడిభాగాల్ని కడిగి ఆరబెట్టడమే దానికి మందు. ఇక దుమ్ము. నెమ్మదిగా ఆరడం ఈ థిన్నర్ గొప్పతనం, అదే దుమ్ముకి అవకాశం కూడా. రంగు వేయగానే మోడల్ మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లిస్తాను. అయినా నలుసు పడితే తడి మీద వేలు పెట్టను. వారం ఆగి, 2000 నంబర్ పేపర్‌ని నీళ్లతో తడిపి మెల్లగా రుద్ది, తర్వాత టామియా పాలిషింగ్ కాంపౌండ్‌లో ‘ఫైన్’ రకం, ఆపైన ‘ఫినిష్’ రకం పట్టిస్తాను. రెక్కల అంచుల దగ్గర, గీతల పక్కన పూత పలుచగా ఉంటుంది కాబట్టి అక్కడ చెయ్యి బాగా తేలిక చేయాలి.

ధర చూసి చాలామంది హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ వైపు చూస్తారు. ఎయిర్‌బ్రష్ కడగడానికి అది బాగానే పనికొస్తుంది. రంగులో కలిపితే మాత్రం మోడల్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరిన్ కరిగి, సన్నటి ప్యానెల్ గీతలు పోతాయి. టామియా యాక్రిలిక్ పూత పూర్తిగా తీసేయాల్సి వస్తే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు, ప్లాస్టిక్‌కి ఏమీ కాదు.

వలేహో కంపెనీవి లాంటి నీటి ఆధారిత యాక్రిలిక్ రంగుల్లో లెవలింగ్ థిన్నర్ కలపొద్దు. రంగు జిగురుముద్దలా గడ్డకట్టి నాజిల్ మూసుకుపోతుంది. వాసన కూడా ఘాటుగా ఉంటుంది. ఎన్95 మాస్క్ ఈ ఆవిర్లని ఆపదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి. కిటికీ తెరిచి, ఫ్యాన్ గాలి బయటికి పోయేలా పెట్టుకుని వాడండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ గది తలుపు వేసి ఉంచండి.