లెడ్ టెస్ట్ స్వాబ్: డేకేర్ గోడ దగ్గర పనికొస్తుంది, కమిషన్ ముందు కాదు

డేకేర్ గోడల రంగుల్లో సీసం ఉందేమోనన్న అనుమానం రాగానే చాలామంది తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవి ఈ స్వాబ్‌లే. చివర పసుపు రంగు రసాయనం పట్టించిన దూది పుల్లలు. వెనిగర్‌లో తడిపి గోడ మీద అర నిమిషం రుద్దితే సీసం తగిలినచోట దూది గులాబీకో ఎరుపుకో తిరుగుతుంది. ఇది ఏ ఒక్క కంపెనీ సరుకు మీదా రాసింది కాదు. ఇలా ఎర్రబడే రకాలన్నీ రోడిజోనేట్ అనే ఒకే రసాయనం మీద నడుస్తాయి కాబట్టి వాటి గుణదోషాలూ ఒకటే.

రంగు ఎక్కడ గీకాలో చెప్పడానికి 5కి 4 మార్కులు. డేకేర్ మీద వినియోగదారుల కమిషన్‌లో వేసే కేసులో సాక్ష్యంగా సున్నా.

సున్నా ఎందుకంటే, మన నిబంధనల ప్రకారం ఇళ్లకీ అలంకరణకీ వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదు. 2016లో నోటిఫై అయి 2017 నవంబరు 1 నుంచి ఇవి అమల్లో ఉన్నాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇలాంటి కిట్లను గుర్తించేటప్పుడు పెట్టుకున్న గీత 0.5 శాతం, అంటే 5,000 పీపీఎం. మన పరిమితికి 55 రెట్లు. కాబట్టి పుల్ల ఎర్రబడలేదంటే సీసం లేదని కాదు, మరీ విపరీతంగా లేదని మాత్రమే. ఎర్రబడినా ఎంత ఉందో చెప్పదు. అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే.

రుద్దడంలోనూ తప్పులు జరుగుతాయి. పైన కొత్త రంగు వేసి ఉంటే దూది దాన్నే తడుముతుంది, కింద ఉన్న పాత పొరలకి చేరదు. బ్లేడుతో ఏటవాలుగా గోడ దాకా చిన్న గాటు పెట్టి, పొరలన్నీ కనబడేలా చేసి అప్పుడు రుద్దాలి. ప్లాస్టర్ పొడి అంటితే ఫలితం తప్పుతుంది. కిటికీ ఊచల మీది రెడ్ ఆక్సైడ్ దూదికి అంటుకుంటే ఎర్రబడిందని కంగారుపడతారు. అది ఇనుము ఆక్సైడ్ రంగు, సీసం కాదు. దీనికి ఎదురు ఇబ్బంది ఆటబల్లల మీది ముదురు పసుపుతో. అందులో లెడ్ క్రోమేట్ ఉంటే రంగు తిరగడానికి గంటలు పట్టొచ్చు, పుల్లని మర్నాటి దాకా ఉంచి చూడాలి. జారుడుబల్లలు, ఉయ్యాలల ఇనుప చట్రాలకి ఇండస్ట్రియల్ ఎనామెల్ వేసే అలవాటుంది. 90 పీపీఎం నిబంధన ఆ రకం రంగులకి వర్తించదు. అందుకే గోడకంటే ముందు వీటిని చూడాలి. ఆ తర్వాత తెరిచి మూసేటప్పుడు రాసుకునే కిటికీ రెక్కల అంచులు, గడప.

పుల్ల ఎర్రబడింది, తర్వాతేమిటి? మాదాపూర్, కూకట్‌పల్లి వైపు చాలా డేకేర్లు అద్దె ఇళ్లలో నడుస్తాయి. అనుమతి లేకుండా గోడ గీకితే మీ మీదే ఫిర్యాదు రావచ్చు. శాంపిల్‌కి అనుమతి కావాలని నిర్వాహకులకి రాతపూర్వకంగా అడగండి. కాదంటే ఆ కాగితమే పనికొస్తుంది. నోటీసు చేరిన వారంలోనే కొత్త రంగు వేయించేసే అవకాశం ఎక్కువ కాబట్టి ఫొటోలు, వీడియో ముందే తీసుకోవాలి. ఒప్పుకుంటే ఇద్దరు సాక్షుల ముందు పొరలన్నీ కలిపి గీకి, జిప్ కవర్లో వేసి సీలు చేసి, తేదీ, చోటు, సంతకాలు రాయాలి. ఎంత పొడి కావాలో ల్యాబ్‌నే ముందు అడగండి. శాండ్‌పేపర్ మాత్రం పట్టకండి, ఆ దుమ్మే పిల్లలు పీల్చేది. ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్ఏబీఎల్ ముద్ర ఉంటే సరిపోదు. నీటి పరీక్షకి ఉన్న గుర్తింపు రంగుకి చెల్లదు, స్కోప్ కాగితంలో పెయింట్‌లో సీసం అని ఉందో లేదో చూడాలి.

ఇంతకంటే తొందరపడాల్సింది రక్తపరీక్షకి. రక్తంలో సీసం సుమారు నెలకి సగానికి పడిపోతుంది, మిగిలింది ఎముకల్లోకి చేరుతుంది. డేకేర్ మాన్పించిన మూడు నెలలకి పరీక్ష చేయిస్తే అంకె చిన్నదై వస్తుంది, కేసూ అంతే చిన్నదవుతుంది. వేలి చివర పొడిచి తీస్తే చర్మం మీది దుమ్ము కలుస్తుంది, నరం నుంచే తీయించాలి. డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు, అంతకంటే ఎక్కువ ఉంటే మూలం వెతికి తగిన చర్య తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. సీసం ఇంట్లోంచే వచ్చిందని ఎదుటి పక్షం తప్పకుండా అంటుంది. వంటింట్లో విడిగా కొన్న పసుపు, కళాయి పూసిన ఇత్తడి గిన్నెలు, పిల్లల కంటికి పెట్టే సుర్మా పరీక్ష చేయించి రిపోర్టులు దగ్గర పెట్టుకుంటే ఆ వాదన అక్కడే ఆగుతుంది.

కేసు దారి: ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి. మీరు నివాసముండే జిల్లాలోనే వేయొచ్చు. మీరు కట్టిన ఫీజు 5 లక్షల లోపైతే కోర్టు రుసుము లేదు. లెక్కలోకి వచ్చేది మీరు చెల్లించిన మొత్తమే, అడిగే పరిహారం కాదు. గడువు 2 ఏళ్లు. రంగు నిబంధనలు రంగులు తయారుచేసి అమ్మేవాళ్ల కోసం, పాత గోడ ఉన్న ఇంటి యజమాని కోసం కాదు. కనుక నిబంధన ఉల్లంఘన అని కాక సేవాలోపం అని రాయండి. మాది ప్లేస్కూల్, విద్య అనేది సేవ కిందికి రాదని నిర్వాహకుల నుంచి వాదనా వస్తుంది, డేకేర్ అని స్పష్టంగా ఉన్న రసీదులు జత చేయండి. ఒకే డేకేర్ పిల్లల తల్లిదండ్రులంతా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35 కింద కమిషన్ అనుమతి తీసుకుని కలిసి వేయొచ్చు. ల్యాబ్ రిపోర్టు తెప్పించే అధికారం సెక్షన్ 38 కింద కమిషన్‌కి ఉంది, దానికి విడిగా ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, వేయాలి.

పరిహారంతోపాటు ముందు ముందు జరగాల్సిన పరీక్షల ఖర్చూ అడగాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. న్యూజెర్సీలో పాత థర్మామీటర్ల ఫ్యాక్టరీలో నడిచిన డేకేర్‌లో పాదరసం బయటపడి 2006లో మూతపడ్డప్పుడు తల్లిదండ్రులు సాధించింది సరిగ్గా అదే, 15 లక్షల డాలర్ల వైద్య పర్యవేక్షణ నిధి. అక్కడ పిల్లల మూత్ర పరీక్షల అంకెలున్నాయి.

స్వాబ్ కొనేటప్పుడు ఎక్స్‌పైరీ తేదీ, సీలు చూడండి. ప్యాక్‌లో సీసం చుక్క ఉన్న చిన్న కార్డు వచ్చేదే ఎంచుకోండి. గోడ మీద రంగు మారని పుల్లని ఆ చుక్కకి తాకించినా ఎర్రబడకపోతే పాడైంది పుల్లే, గోడ గురించి అది ఏమీ చెప్పనట్టే.